బాపు మొహం మీద గీతలు

మూడు వారాల కింద ఈ శీర్షికలో మేము ఒక సలహా రాశాం. ఎడిట్ చేసిన వీడియోను ఎక్స్‌పోర్ట్ కొట్టాక బొమ్మ గళ్లు గళ్లుగా వస్తే బిట్‌రేట్ పెంచి చూడండి అని. అది చదివి సోనాపూర్ క్యాంపు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, మీరు చెప్పినట్టే 20కి పెంచిన. ఫైలు ఒకటిన్నర జీబీ అయింది గాని గీతలు గట్లనే ఉన్నయి. ఇంక పది రోజులే ఉంది" అన్నాడు.

పది రోజులు దేనికని అడిగితే సంగతి చెప్పాడు. జగిత్యాల దిక్కు ఊరు. నిరుడు తండ్రి పోతే ఆఖరి చూపుకు పోలేకపోయాడు. ఇప్పుడు సంవత్సరీకానికి కూడా సెలవు దొరకలేదు. కనీసం ఆనాడు ఇంటికి వచ్చిన చుట్టాలంతా టీవీలో చూసేటట్టు బాపు మీద పది నిమిషాల వీడియో చేసి పంపుదామనుకున్నాడు. రూమ్మేట్ ల్యాప్‌టాప్ అడుక్కుని, డ్యూటీ దిగి వచ్చాక రాత్రుళ్లు కూర్చుని నెల రోజులుగా అతుకుతున్నాడు. ఎడిట్ చేసేటప్పుడు చిన్న కిటికీలో అంతా బాగానే కనిపిస్తోంది. తీరా ఎక్స్‌పోర్ట్ అయిన ఫైలు పెద్దగా పెట్టి చూస్తే, బాపు నవ్వినప్పుడు, చెయ్యి ఎత్తినప్పుడు, మొహం అంచున, చేతి అంచున దువ్వెన పళ్లలాంటి అడ్డ గీతలు. మూడుసార్లు తీశాడు. మూడుసార్లూ అంతే.

సెలవు నాడు మేమిద్దరం వెళ్లాం. పది మంది ఉండే గది. పై మంచం మీద ల్యాప్‌టాప్, కింద మంచం మీద మేము, తలుపు దగ్గర నిలబడి సలహాలిచ్చేవాళ్లు నలుగురు. ఒకాయన వైరస్ అన్నాడు. ఇంకొకాయన ల్యాప్‌టాప్ పాతదైంది, కొత్తది కొనాలన్నాడు. అప్పు ఎవరు తీరుస్తారో మాత్రం చెప్పలేదు.

ముందుగా మా తప్పు ఒప్పుకోవాలి. గళ్లు వేరు, గీతలు వేరు. రెండింటికీ ఒకే మందు రాసినట్టు అర్థమయ్యేలా ఆనాడు రాశాం. బిట్‌రేట్ అంటే ఒక సెకను బొమ్మకు ఎంత డేటా ఖర్చు పెడుతున్నామన్న లెక్క. అది చాలకపోతే గళ్లు వస్తాయి. కానీ గీతలు బొమ్మలోనే ఉంటే బిట్‌రేట్ పెంచినకొద్దీ ఆ గీతలనే ఇంకా శుభ్రంగా భద్రపరుస్తుంది. పాపం ఈ తమ్ముడు 20 మెగాబిట్లు పెట్టి చేసింది అదే.

కాబట్టి ఏ మచ్చ కనిపించినా సెట్టింగులు మార్చడానికి ముందు అది ఎక్కడ పుట్టిందో వెతకాలి. అసలు ఫైల్లోనే ఉందా, ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద పుట్టిందా, ఎక్స్‌పోర్ట్‌లో పుట్టిందా, లేక ఫైలు బాగానే ఉండి చూసే ఫోనో టీవీయో పాడుచేస్తోందా? ఇది తేలకుండా ఎక్స్‌పోర్ట్ మీద ఎక్స్‌పోర్ట్ కొట్టుకుంటూ పోతే ఒక్కో ప్రయోగానికి ఒక్కో రాత్రి నిద్ర పోతుంది. దీనికి వీఎల్‌సీ ప్లేయర్ చాలు. ఉచితంగా దొరుకుతుంది. ఫైలు తెరిచి, మచ్చ ఉన్న చోట ఆపి, కీబోర్డు మీద 'ఈ' అక్షరం నొక్కుతూ పోతే ఒక్కొక్క బొమ్మ కదులుతుంది. ఎక్స్‌పోర్ట్ ఫైల్లో మచ్చ ఉన్న క్షణాన్నే అసలు ఫైల్లో కూడా వెతికి ఇలాగే చూడాలి.

"అసలుది మంచిగనే ఉందన్నా, నేను చూసిన" అన్నాడు తమ్ముడు. చూపించమన్నాం. అది 2004లో జరిగిన అతని పెళ్లి డీవీడీ. స్టూడియో వాళ్ల దగ్గరున్న క్యాసెట్ మీద ఇంకో పెళ్లి ఎక్కి చాలా కాలమైందట. కాబట్టి మిగిలింది ఈ డిస్కు ఒక్కటే. బామ్మర్ది దాంట్లోని ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టుగా పెన్‌డ్రైవ్‌లోకి దించి, వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపాడు. వీఎల్‌సీలో పెడితే నిజంగానే శుభ్రంగా ఉంది. అప్పుడు వీడియో మెనూలోకి వెళ్లి 'డీఇంటర్‌లేస్' అన్నదాన్ని ఆఫ్ చేశాం. వెంటనే బాపు చేతి అంచున అవే గీతలు బయటపడ్డాయి. ప్లేయర్ తనంతట తాను వాటిని దాచి చూపిస్తోందన్నమాట. ఎడిటింగ్ కిటికీలో కనబడకపోవడానికి కూడా అలాంటి కారణమే. అక్కడ బొమ్మను కుదించి చూపిస్తారు, సగం వరుసలు వదిలేస్తారు.

ఈ గీతల పుట్టుక ఇలా ఉంటుంది. మన దేశంలో, ఈ గల్ఫ్ దేశాల్లో కూడా, ఆనాటి కెమెరాలు చాలామటుకు పాల్ పద్ధతివి. బొమ్మ ఎత్తు 576 వరుసలు, సెకనుకు 25 బొమ్మలు. అయితే ఒక్కో బొమ్మను కెమెరా ఒకేసారి తీయదు. మొదట బేసి వరుసలు, సెకనులో యాభయ్యో వంతు తర్వాత సరి వరుసలు, అంటే సెకనుకు 50 సగం బొమ్మలు. సిరిసిల్ల వాళ్లకు చెప్పక్కర్లేదు, మగ్గం మీద సరి పోగులు ఒకసారి, బేసి పోగులు ఒకసారి లేచినట్టే. పెట్టెలాంటి పాత టీవీ కూడా అదే వరుసలో గీసేది కాబట్టి ఏ తేడా తెలిసేది కాదు. ఇప్పటి పలక టీవీలు, ఫోన్లు రెండు సగాలనూ కలిపి ఒకేసారి చూపిస్తాయి. మనిషి కదలకపోతే రెండు సగాలూ అతుక్కుంటాయి. చెయ్యి ఊపితే మాత్రం బేసి వరుసల్లో చెయ్యి ఒక చోట, సరి వరుసల్లో ఇంకో చోట. అంచున కనిపించే దువ్వెన పళ్లు అవే.

ఇంతవరకు అయితే నష్టం లేదు. అసలు ఫైల్లో రెండు సగాలూ వేటికవి ఉన్నాయి, విడదీయవచ్చు. నష్టం జరిగేది ఆ తర్వాతి మెట్టులో. తమ్ముడు ఆ బొమ్మను 1080 వరుసల టైమ్‌లైన్ మీద వేసి తెర నిండా సాగదీశాడు. 576 వరుసలను 1080కి సాగదీస్తే సరి వరుస, బేసి వరుస ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి. నీళ్లు కలిపిన పాలలోంచి నీళ్లు తీయడం ఎంతో, ఆ తర్వాత గీతలు తీయడం అంత. అతను మూడోసారి ఎక్స్‌పోర్ట్ అయిన ఫైలు మీద డీఇంటర్‌లేస్ పెట్టి చూశాడట, పనిచేయలేదట. ఎలా పనిచేస్తుంది? ముందు విడదీయాలి, తర్వాత సాగదీయాలి. ఈ వారం శీర్షికలో ఒక్క ముక్క గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి.

మేము చేసిందేమంటే, డీవీడీ ఫైలును నేరుగా ఎడిటింగ్‌లోకి తీసుకోకుండా మొదట హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేశాం. ఫిల్టర్లలో డీఇంటర్‌లేస్ పెట్టాం. క్వాలిటీ గీతను 18 దగ్గర ఉంచాం. అక్కడ అంకె తగ్గితే బొమ్మ మెరుగు, ఫైలు పెద్దది. ఫ్రేమ్‌రేట్ 25, దాని పక్కన 'కాన్‌స్టంట్' అన్నదాన్ని ఎంచుకున్నాం. పెళ్లిలో బాపు కనిపించే ముక్కలు మొత్తం కలిపి ఇరవై నిమిషాలు కూడా లేవు. టీ తాగి వచ్చేసరికి అయిపోయింది. గీతలు పోయాయి. వరుసల్లో కొంత పదును తగ్గుతుంది, అది ఒప్పుకోవాల్సిందే.

పెళ్లి వీడియోలే కాదు, పదేళ్ల కిందటి క్యామ్‌కార్డర్‌తో తీసిన పెద్ద బొమ్మల్లో కూడా ఈ సంగతి ఉంటుంది. 1080 పక్కన 'ఐ' అక్షరం ఉంటే సగం బొమ్మల పద్ధతి, 'పీ' ఉంటే నిండు బొమ్మ. ఫైలు పేరు చూస్తే తెలియదు. మీడియాఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రాంలో ఫైలు తెరిస్తే 'స్కాన్ టైప్' అన్నచోట రాసి ఉంటుంది. దాని కిందనే ఏ సగం ముందు అన్నది కూడా ఉంటుంది. అది తారుమారైతే గీతలు కాదు, నడిచే మనిషి ఒక అడుగు ముందుకు, అర అడుగు వెనక్కు వేసినట్టు వణుకుతాడు. అలాంటి వణుకు కనబడితే ఫీల్డ్ ఆర్డర్ మార్చి చూడండి.

గీతల పని అయ్యాక గళ్ల దగ్గరికి వచ్చాం. తలంబ్రాలు పోసే చోట బాపు వెనక నిలబడి నవ్వుతుంటాడు. సరిగ్గా అక్కడే బొమ్మ అంతా చిన్న చిన్న చదరాలుగా పగిలిపోయింది. ఇది ఏ పెళ్లి వీడియోలోనైనా చూస్తారు. వీడియో ఫైలు ప్రతి బొమ్మనూ మొత్తం దాచుకోదు. ముందు బొమ్మకూ దీనికీ మారిన తేడాను మాత్రమే దాచుకుంటుంది, అదీ చదరపు ముక్కల లెక్కన. మంటపం, గోడ కదలవు కాబట్టి ఖర్చు లేదు. తలంబ్రాలు, కర్పూరం పొగ, బాణాసంచా, వాన అయితే ప్రతి బియ్యపు గింజా కదులుతోంది. డేటా చాలదు. చదరాలు బయటపడతాయి. చీకటి బొమ్మల్లోనూ అంతే, నల్లటి చోట్ల మెట్లు మెట్లుగా కనిపిస్తుంది.

మా పాత సలహా ప్రకారం ఇక్కడ బిట్‌రేట్ పెంచాలి. కానీ మళ్లీ అసలు ఫైలు చూశాం. ఆ గళ్లు డీవీడీలోనే ఉన్నాయి. కారణం తేలిక లెక్క. మామూలు డీవీడీలో పట్టేది 4.7 జీబీ. స్టూడియో వాళ్లు మూడు గంటల పెళ్లిని ఒకే డిస్కులో కుక్కారు. అంటే సెకనుకు మూడున్నర మెగాబిట్లకు మించదు. అదే గంటకు ఒక డిస్కు చొప్పున మూడు ఇచ్చి ఉంటే దాదాపు మూడు రెట్లు దక్కేది. ఇరవై ఏళ్ల కింద ఎవరో రెండు డిస్కుల ఖర్చు మిగుల్చుకున్నారు. అది ఇప్పుడు ఏ సెట్టింగుతోనూ తిరిగి రాదు. మీరు ఎక్స్‌పోర్ట్‌లో పూసిన మసిని తుడవొచ్చు గానీ, ఫైలు పుట్టుమచ్చ పోదు. ఈ సంగతి తమ్ముడికి చెప్పడం మాకు కష్టంగానే అనిపించింది.

అయినా ఒక ఉపాయం ఉంది. చిన్న బొమ్మను పెద్దగా సాగదీస్తేనే గళ్లు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అందుకని 1080 టైమ్‌లైన్ వదిలేసి 720కి మార్చాం. 576 నుంచి 720 అంటే పావు వంతు సాగడమే. 1080 పెట్టినంత మాత్రాన లేని వివరం పుట్టదు. తలంబ్రాల ముక్కను ఇంకొంచెం చిన్నది చేసి, చుట్టూ పూల అంచు పెట్టాడు తమ్ముడు. ఆ పూల అంచు మాకు అంతగా నచ్చలేదు గానీ, వీడియో అతనిది.

ఇంకో చోట గళ్లు అసలుకంటే ఎక్కువగా ఉన్నాయి. అడిగితే తెలిసింది, పేర్లు రాయడానికని రెండోసారి ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలునే మళ్లీ తెచ్చి దాని మీద మూడోసారి చేశాడట. పాస్‌పోర్ట్ జిరాక్స్‌కు జిరాక్స్, దానికి ఇంకో జిరాక్స్ తీస్తే ఫొటోలో మనిషి ఎలా నల్లబడతాడో మనకందరికీ తెలుసు. ఇదీ అంతే. ఎన్నిసార్లు మార్పులు చేసినా ప్రాజెక్టు ఫైలు తెరిచి, అసలు ముక్కల నుంచే ఎక్స్‌పోర్ట్ తీయాలి. ప్రాజెక్టు ఫైలు, అసలు ముక్కలు, రెండూ పని పూర్తయ్యేదాకా డిలీట్ కొట్టొద్దు. ల్యాప్‌టాప్ పరాయిదైతే ఒక పెన్‌డ్రైవ్ కొని అందులో ఉంచుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైన ముక్క చివర ఉంది. పోవడానికి రెండు నెలల ముందు బాపు అరుగు మీద కూర్చుని, "బిడ్డా, పైలం" అని కొడుకుతో అన్న మాట. నలభై సెకన్లు. బామ్మర్ది ఫోన్లో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. అది అక్కడి నుంచి అక్కకు, అక్క నుంచి ఇతనికి వచ్చింది. వాట్సాప్‌లో వీడియోగా పంపితే పంపేటప్పుడు దాన్ని కుదిస్తుంది. మొహం మైనంలా నున్నగా అయిపోయి, కళ్ల దగ్గర ఏమీ తెలియడం లేదు. ఎక్స్‌పోర్ట్ చేశాక ఇంకా అన్యాయం. ఇది కూడా పుట్టుమచ్చేనా అంటే కాదు, ఎందుకంటే అసలుది బామ్మర్ది ఫోన్లో ఉండాలి. అక్కడే కూర్చుని ఫోన్ చేయించాం. ఉంది. కానీ ఆ ఫోన్‌ను మరుసటి వారం ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేసి కొత్తది తీసుకుందామనుకుంటున్నాడట. తమ్ముడు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

గ్యాలరీలోంచి నేరుగా కాకుండా, వాట్సాప్‌లో పిన్ గుర్తు నొక్కి 'డాక్యుమెంట్' కింద ఆ ఫైలు పంపమన్నాం. డాక్యుమెంట్‌గా పంపితే కుదించదు. 2022 నుంచి రెండు జీబీ దాకా వెళుతుంది. పావుగంటలో వచ్చింది. కళ్లు కనిపించాయి, నుదుటి మడతలు కనిపించాయి. తలుపు దగ్గర సలహాలిచ్చేవాళ్లు కూడా ఊరుకున్నారు. ఇది చదివే మీలో ఎవరికైనా ఇలాంటి ముక్క ఇంటివాళ్ల ఫోన్లో ఉంటే, ఈ రాత్రే ఫోన్ చేసి డాక్యుమెంట్‌గా తెప్పించుకోండి.

ఫోన్ వీడియోతో ఒక పేచీ ఉంది. ఫోన్లు సెకనుకు ఇన్ని బొమ్మలని కచ్చితంగా తీయవు. వెలుతురు తగ్గితే 30 కాస్తా 24కో 22కో పడిపోతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దీంతో తికమకపడి కొన్ని బొమ్మలు రెండుసార్లు వేస్తుంది, కొన్ని వదిలేస్తుంది. బొమ్మ కుదుపుతుంది. దీన్ని కూడా హ్యాండ్‌బ్రేక్‌లో వేసి 'కాన్‌స్టంట్' చేసుకున్నాం. టైమ్‌లైన్‌ను పెళ్లి డీవీడీని బట్టి 25 పెట్టాం కాబట్టి, 30 బొమ్మల ఫోన్ ముక్కలో సెకనుకు ఐదు పోతాయి. అరుగు మీద కూర్చున్న మనిషి కాబట్టి ఆ తేడా తెలియలేదు. పరుగెత్తే ముక్క అయితే తెలిసేది. కొన్ని సాఫ్ట్‌వేర్లు రెండు బొమ్మలు కలిపి మధ్య బొమ్మ తయారుచేస్తాయి. అప్పుడు మనిషికి నీడలా ఇంకో మనిషి అంటుకుంటాడు. ఆ ఫ్రేమ్ బ్లెండింగ్ టిక్కు తీసేయండి.

ఫొటోల్లో అవ్వ పట్టుచీర జరీ అంచు మిలమిలా వణికింది. ఐదారు వేల చుక్కల వెడల్పు ఫొటోను తెర మీద మెల్లగా జరిపితే సన్నటి గీతలు అలా వణుకుతాయి. ఫొటోను ముందే 1,600 చుక్కల వెడల్పుకు తగ్గించి వాడితే సర్దుకుంది. మధ్యలో రెండు చోట్ల క్షణం సేపు ఆకుపచ్చ బొమ్మ మెరిసింది. అది అసల్లో లేదు, టైమ్‌లైన్‌లో లేదు. ఎక్స్‌పోర్ట్ దగ్గర 'హార్డ్‌వేర్ ఎన్‌కోడర్' టిక్కు తీసేసి మళ్లీ కొడితే పోయింది. అది లేకపోతే ఎక్స్‌పోర్ట్ నెమ్మదిగా అవుతుంది, అంతే.

దమ్మాం నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరానికి కూడా ఇక్కడే జవాబు చెప్పేస్తాం. గదిలో తీసిన వీడియోలో నల్లటి పట్టీలు పైనుంచి కిందికి పాకుతున్నాయి, ఎక్స్‌పోర్ట్‌లో ఏం మార్చాలని అడిగారు. ఏమీ మార్చక్కర్లేదు, అదీ పుట్టుకతో వచ్చిందే. సౌదీలో కరెంటు 60 హెర్ట్జ్. మన ఊళ్లలో, దుబాయిలో, ఖతర్‌లో, కువైట్‌లో 50. లైటు ఆ లెక్కన కంటికి తెలియకుండా మిణుకుతుంది. కెమెరాలో షట్టర్ మార్చుకునే వీలుంటే సౌదీలో 60వ వంతు లేక 120వ వంతు, మిగతా చోట్ల 50వ వంతు లేక 100వ వంతు పెట్టి తీయండి.

సాయంత్రానికి ముప్ఫై సెకన్ల ముక్క ఒక్కటి ఎక్స్‌పోర్ట్ చేశాం. మొత్తం కొట్టే ముందు ఇలా నమూనా తీసి చూడటం మా అలవాటు. అన్నిటికంటే కష్టమైన చోటు, అంటే తలంబ్రాల దగ్గర తీశాం. మాకు బాగానే ఉందనిపించింది. ఇంటికి పంపితే అవ్వ ఫోన్ చేసింది. "మీ బాపు గింత బక్కగ ఎప్పుడున్నడురా? పెండ్లి నాటికి మంచిగుండె గదా" అంది.

ఆమె చెప్పాకే మాకు కనిపించింది. పాల్ డీవీడీలో బొమ్మ 720 చుక్కల వెడల్పు, 576 ఎత్తు. కానీ ఆ చుక్కలు చదరంగా ఉండవు, కాస్త వెడల్పు. ఇప్పటి తెర మీద చదరపు చుక్కలతో చూపించాలంటే వెడల్పు 768 కావాలి. 720 దగ్గరే వదిలేస్తే మనిషి పదహారో వంతు సన్నబడతాడు. హడావిడిలో మేము ఆ సైజు గడి చూసుకోలేదు. హ్యాండ్‌బ్రేక్‌లో 'అనామార్ఫిక్' అన్నచోట 'నన్' పెట్టి, 768, 576 వచ్చేటట్టు సరిచేసి మళ్లీ తీశాం. రెండో నమూనా వెళ్లింది. ఈసారి అవ్వ ఏమీ అనలేదు. మళ్లీ మళ్లీ పెట్టించుకుని చూస్తోందని బామ్మర్ది చెప్పాడు.

మొత్తం పది నిమిషాలు 720లో, ఐదు మెగాబిట్లతో 375 ఎంబీ అయింది. 20 మెగాబిట్ల ఒకటిన్నర జీబీలో నాలుగో వంతు, చూడటానికి దానికంటే మెరుగు. ఎన్‌కోడింగ్ హెచ్.264, ఫైలు ఎంపీ4. కొత్తది కదా అని హెచ్.265 పెడితే ఇంట్లో ఉన్న పాత టీవీ తెరవకపోవచ్చు. పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఉంటే 4 జీబీకి మించిన ఫైలు ఎక్కదు, మనకు ఆ చింత లేదు. తమ్ముడు డాక్యుమెంట్‌గా పంపాడు. బామ్మర్ది పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెట్టి మొదటి నుంచి చివరిదాకా ఒకసారి నడిపి చూశాడు. సంవత్సరీకానికి ఇంకా రెండు రోజులుండగానే పని అయిపోయింది. ఫోన్ మార్చడం కూడా వాయిదా వేసుకున్నాడట.

మాట ముందు, పెదవి వెనక పడుతోందని ముసఫ్ఫా నుంచి ఇద్దరు రాశారు. ఆ సంగతి వచ్చే వారం చూద్దాం. ఈలోగా ఆ వీడియో ఫోన్లో తీసిందా, కెమెరాతో తీసిందా, మీడియాఇన్ఫోలో 'ఫ్రేమ్ రేట్ మోడ్' దగ్గర ఏముందో రాసి పంపండి.